కీమోకి లొంగని కణాలను లొంగదీస్తుందట! 3,800 రూపాయల పొడి డబ్బా మీద నా రివ్యూ

ఐదు స్టార్లకి ఒక్కటి ఇస్తున్నా. అది కూడా డబ్బా మూతకి. నిజంగా మంచి మూత. తిప్పితే టక్కుమని పడుతుంది, వానాకాలంలో కూడా లోపలికి చెమ్మ పోదు. పొడి పారబోశాక చింతపండు పెట్టుకోవచ్చు. మిగతా నాలుగు స్టార్లు ఎందుకు ఇవ్వలేదో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. ఇంట్లో కాన్సర్ వైద్యం నడుస్తున్నవాళ్ళు ఓపిక పట్టి చదవండి. తక్కినవాళ్ళు మూత సంగతి తెలుసుకుని వెళ్ళిపోవచ్చు.

నేను తిరుపతిలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. చుట్టూ ఆస్పత్రులే కాబట్టి మా కౌంటరుకి కాన్సర్ చీటీలు చాలానే వస్తాయి. వాంతుల బిళ్ళలు, నోటిపూతకి మౌత్‌వాష్, తెల్లకణాలు పెరగడానికి ఐస్ ప్యాకెట్లో పెట్టి ఇచ్చే ఇంజెక్షన్లు, ఇవన్నీ రోజూ చేతుల మీదుగా పోయేవే. ఈ పొడి మాత్రం మా షాపులో కొన్నది కాదు. కొన్నది మా పిన్ని. పలమనేరు పక్క పల్లె, టమోటా పెడతారు. కంపెనీ పేరు రాయను. పేరు రాస్తే ఆ పేరు మార్చుకుని మళ్ళీ వస్తారు, సరుకు అదే ఉంటుంది. డబ్బా మీద రాతల్ని గుర్తుపడితే చాలు.

పిన్నికి అండాశయం కాన్సర్. ఆపరేషన్ అయింది, కార్బోప్లాటిన్, ప్యాక్లిటాక్సెల్ కలిపి మూడు వారాలకొకసారి ఎక్కించారు. మామూలుగా అందరికీ ఇచ్చే ఆరు సైకిళ్ళే. రక్తంలో చూసే సీఏ-125 అనే కాన్సర్ మార్కర్ దిగింది, స్కాన్ శుభ్రంగా వచ్చింది, మనిషి మళ్ళీ తోటలోకి దిగింది. ఏడాది తిరక్కముందే మార్కర్ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. స్కాన్‌లో చిన్నచిన్న గడ్డలు కనబడ్డాయి. మళ్ళీ కీమో అన్నారు. డే కేర్ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే ఒకాయన పక్కన చేరి, ఎంతో కావాల్సినవాడిలా పలకరించి, "మీ ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది మా, ఇంగ ఎన్ని బాటిళ్ళు ఎక్కించినా దండగే. ముందు ఆ అలవాటు విడిపించాల" అన్నాడంట. సంచిలో నుంచి డబ్బా తీశాడు. పిన్ని దగ్గర స్కాన్‌కి దాచుకున్న డబ్బులున్నాయి.

ముందు సరుకు సంగతి. డబ్బా మీద 250 గ్రాములని ఉంది. పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టిస్తే డబ్బాతో కలిపి 250 తూగింది. పొడి పసుపు రంగు, మరీ మెత్తన కాదు, వేళ్ళ మధ్య రాస్తే గరగరమంటుంది. పసుపు వాసన, వెనకాలే మిరియాల ఘాటు. గోరువెచ్చటి నీళ్ళలో ఎంత తిప్పినా కలవదు. అడుగున మడ్డి దిగుతుంది, పైన పుల్లలు తేలతాయి. కీమో అయినాక పిన్నికి నాలుక మీద ఇనుము రుచి వారం దాకా పోదు, దాని మీద ఈ చేదు. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేది. లేబులు ఒక మూల లేచి ఉంటే గోటితో లాగి చూశా. కింద ఇంకో లేబులు ఉంది. అదే ఆకు బొమ్మ, అవే దినుసులు, మోకాళ్ళ నొప్పులకి. ధర 650.

దినుసులు ఇవీ: పసుపు, మిరియాలు, లక్ష్మణఫలం ఆకు, తిప్పతీగ, "ఇతర మూలికలు". డబ్బాతో ఇచ్చిన కరపత్రంలో మూడు గొప్పలు ఉన్నాయి. మందుకి మొండికేసిన కణాలను లొంగదీయును. కణంలోని పంపును మూసివేసి మందును లోపలే నిలుపును. కీమో కన్నా 10,000 రెట్లు శక్తివంతము.

ఇది రాసినవాడు ఎవడో కొంచెం చదువుకున్నవాడే. ఆ పంపు అనేది నిజంగానే ఉంది. మొత్తం అబద్ధమే అయ్యుంటే నేనిన్ని పేరాలు రాసే పని ఉండేది కాదు.

అయితే "ఒళ్ళు అలవాటు పడిపోయింది" అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే వ్యాపారమంతా ఆ మాట మీదే నడుస్తోంది. మా షాపుకి వచ్చేవాళ్ళు కూడా పదిమందిలో ఎనిమిది మంది అదే అంటారు. అలవాటు పడేది ఒళ్ళు కాదు. ఒళ్ళే అలవాటు పడితే మళ్ళీ ప్యాక్లిటాక్సెల్ ఎక్కిస్తే జుట్టు మళ్ళీ ఎందుకు ఊడాలి? రక్తకణాల కౌంట్లు మళ్ళీ ఎందుకు పడిపోవాలి? మన వెంట్రుక కుదుళ్ళు, ఎముకల్లోని మజ్జ మందుకి ఎప్పటిలాగే దెబ్బతింటూనే ఉంటాయి. మారింది గడ్డలోని కణాలు. అవి కూడా ఒక్కొక్కటీ మందు రుచి చూసి నేర్చుకున్నవి కావు, చాలా మటుకు మొదటి నుంచీ ఉన్నవే. ఒక సెంటీమీటరు గడ్డలో దాదాపు 100 కోట్ల కణాలుంటాయంటారు. అన్ని కోట్లసార్లు చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలులో తప్పులు పడతాయి. ఆ తప్పుల్లో ఏదో ఒకటి ఫలానా మందుకి చావకుండా ఒక కణాన్ని కాపాడుతుంది. మందు ఎక్కించగానే తక్కినవన్నీ పోతాయి, స్కాన్ శుభ్రంగా వస్తుంది. మిగిలిన ఆ గుప్పెడు కణాలు మళ్ళీ సంసారం పెడతాయి. 1979లో కెనడాలో గోల్డీ, కోల్డ్‌మన్ అనే ఇద్దరు ఈ లెక్కే కట్టి, ఒక మందుని తట్టుకునే కణాలు మందు వేయకముందే పుట్టి ఉంటాయి కాబట్టి వేరువేరు తీరులో పనిచేసే మందులు కలిపి, వీలైనంత తొందరగా ఇవ్వాలన్నారు.

ఇది నేను చెప్తుంటే పిన్ని మధ్యలోనే ఆపింది. "టమోటా పురుగు మాదిరే గదా పాపా. ఒకే మందు కొడతా ఉంటే కాయ తొలిచే పురుగు చావదు. చచ్చేవి చస్తాయి, చావని దాని పిల్లలే తోటంతా" అంది. ఇంత చదువుకున్న నేను ఇంతకంటే బాగా చెప్పలేను. ఆ పురుగు మందులకి లొంగకపోవడం మీద శాస్త్రవేత్తలు కూడా చెప్పేది అదే లెక్క. కానీ తోటలో మందు మార్చాలని తెలిసిన మనిషికే ఆస్పత్రి బెంచీ మీద "నీ ఒళ్ళే పాడైంది" అని చెప్తే నమ్మేసింది. భయంలో ఉన్న మనిషికి నేరం తనదే అనిపిస్తుంది, అమ్మేవాడికి అది తెలుసు.

ఇప్పుడు పంపు. 1976లో జూలియానో, లింగ్ అనే ఇద్దరు చైనా హామ్‌స్టర్ అండాశయ కణాల మీద పనిచేస్తూ దాన్ని పట్టుకున్నారు. ఆ కణాల్ని కోల్చిసిన్ అనే మందులో పెంచి పెంచి, దానికి చావని వాటిని వేరు చేశారు. కోల్చిసిన్ మా షాపులో గౌట్ నొప్పికి రోజూ అమ్ముడయ్యే బిళ్ళే. చిత్రం ఏమిటంటే ఆ కణాలు కోల్చిసిన్‌కే కాదు, ఎన్నడూ చూడని వేరే మందులకి కూడా లొంగలేదు. వాటి పైపొర మీద ఒక పెద్ద ప్రోటీన్ కనబడింది. పి-గ్లైకోప్రోటీన్ అని పేరు పెట్టారు. లోపలికొచ్చిన మందుని పట్టుకుని, కణం శక్తిని ఖర్చు పెట్టి మరీ బయటికి తోసేస్తుంది. ప్యాక్లిటాక్సెల్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్, ఇవన్నీ దాని చేతికి చిక్కేవే. చాలా మటుకు చెట్ల నుంచో సూక్ష్మజీవుల నుంచో వచ్చిన మందులు.

ఈ పంపు కాన్సర్ కణం సొంత సొత్తు కూడా కాదు. మన పేగుల్లో, లివర్లో, కిడ్నీల్లో, మెదడు రక్తనాళాల గోడల్లో ఎప్పుడూ ఉంటుంది. విషాలు లోపలికి పోకుండా కాపలా కాయడం దాని ఉద్యోగం. కాన్సర్ కణం ఆ కాపలాని తనకోసం పెంచుకుంటుంది, అంతే.

మరి పిన్నికి ముఖ్యమైన మందు ఏది? కార్బోప్లాటిన్. అది ప్లాటినం మందు. పి-గ్లైకోప్రోటీన్ దాన్ని పట్టుకోదు. కరపత్రం చెప్పే పంపుని ఈ పొడి నిజంగానే మూసేసినా కార్బోప్లాటిన్‌కి ఒరిగేది ఏమీ లేదు! ప్లాటినం మందు కణం డీఎన్‌ఏకి అతుక్కుని దాన్ని ముడి వేస్తుంది. దానికి లొంగని కణాల దారులు వేరు. కొన్ని మందుని లోపలికే సరిగా రానివ్వవు. కొన్ని గ్లూటాథయోన్ లాంటి వాటితో మందుని ముందే కట్టేస్తాయి. కొన్ని పడిన ముడిని కత్తిరించి డీఎన్‌ఏని బాగుచేసుకుంటాయి. ఇంకొన్నిటికి దెబ్బ తగిలినా చావాలన్న బుద్ధే ఉండదు, దెబ్బతిన్న కణాన్ని చంపే పి53 లాంటి ఏర్పాటు అప్పటికే చెడిపోయి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించేది డీఎన్‌ఏ రిపేరు చూసే బీఆర్‌సీఏ జన్యువు కథ. ఆ జన్యువు చెడినందువల్ల కాన్సర్ వచ్చినవాళ్ళకి ప్లాటినం బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ కణానికి రిపేరు చేతకాదు. కొందరిలో కాన్సర్ కణం ఆ చెడిన జన్యువులోనే ఇంకో మార్పు తెచ్చుకుని దాన్ని పనిచేసే స్థితికి తెచ్చుకుంటుంది. మనిషిని కాపాడాల్సినప్పుడు చెడిన జన్యువు, కాన్సర్‌ని కాపాడటానికి బాగవుతుంది. ఈ దారుల్లో ఏ దానికీ ఆ డబ్బాలో విరుగుడు లేదు. ఉన్నట్టు కరపత్రం కూడా చెప్పదు, ఎందుకంటే రాసినవాడు పంపు దగ్గరే ఆగిపోయాడు.

పోనీ పంపునే మూయాలని ఎవరూ చూడలేదా? పెద్ద పెద్ద కంపెనీలు చూశాయి. 1981లో జపాన్‌లో త్సురువో బృందం వెరపామిల్ వేస్తే లుకేమియా కణాల్లో విన్‌క్రిస్టిన్ మళ్ళీ పనిచేస్తోందని చూపించింది. వెరపామిల్ బీపీకి, గుండెకి మేము ఇచ్చే బిళ్ళ. గాజు పాత్రలో పనిచేసింది. మనిషికి అంత మోతాదు ఇస్తే గుండె తట్టుకోదు. ఆ తర్వాత పంపు కోసమే వాల్స్‌పొడార్ అని ఒకటి చేశారు. పంపు మూతపడితే కాన్సర్ కణంలోనే కాదు, లివర్లో, కిడ్నీల్లో కూడా మూతపడుతుంది కదా. కీమో మందు ఒంట్లో నుంచి పోక పేరుకుంది, కీమో మోతాదే తగ్గించుకోవాల్సి వచ్చింది. దాన్ని సరిగ్గా పిన్నికిచ్చిన జోడీకే, అండాశయ కాన్సర్‌లో ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్‌కి కలిపి చూశారు. 2008లో ఫలితం అచ్చయింది. లాభం లేదు, బాధలు మాత్రం పెరిగాయి. కొలిచి, శుద్ధి చేసి, డాక్టర్ల కళ్ళ ముందు ఇచ్చిన మందు పని అది. దినుసుల్లో ఏది ఎంత ఉందో కూడా రాయని ఈ పొడిని మనం తెరవెనక తాగుతాం.

పసుపు గురించి రెండు మాటలు. నేను పసుపుకి వ్యతిరేకిని కాను, మా ఇంట్లో పసుపు లేని కూర ఉండదు. పసుపులోని కర్కుమిన్ ఆ పంపుని తగ్గిస్తుందని ప్రయోగశాల కణాల మీద చాలామంది చూపించారు. కడుపులోకి పోయాక మాత్రం అది రక్తంలోకి చేరేది బహు తక్కువ. అందుకే మిరియాలు కలిపారు. మిరియాల్లోని పైపరిన్ కర్కుమిన్‌ని ఎక్కువగా రక్తంలోకి ఎక్కిస్తుంది, నిజమే. ఎలా? మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని అడ్డుకుని. ప్యాక్లిటాక్సెల్‌ని ఒంట్లో విరగ్గొట్టేదీ అలాంటి ఎంజైములే. చారులో వేసే నాలుగు మిరియాలతో ఏమీ కాదు. గాఢంగా తీసిన సరుకు చెంచాల లెక్కన తాగితే మాత్రం కీమో డాక్టరు కట్టిన మోతాదు లెక్క తారుమారయ్యే అవకాశం ఉంది. అది ఆయనకి తెలియదు, ఎందుకంటే బెంచీ మీద మనిషి "డాక్టర్లకి చెప్పొద్దు మా, వాళ్ళకి ఇవి పడవు" అని చెప్పి పంపాడు. నా ఒళ్ళు మండింది ఇక్కడ.

లక్ష్మణఫలం 10,000 రెట్ల కథ కూడా పుట్టుకలో పూర్తి అబద్ధం కాదు. ఆ కుటుంబం మొక్కల్లోని ఒక పదార్థం పెద్దపేగు కాన్సర్ కణాల మీద, గాజు పాత్రలో, అంత ఘాటుగా పనిచేసిందని 1990లలో ఒక పరిశోధన వచ్చింది. గాజు పాత్రలో కణాన్ని చంపేవి బోలెడు, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. మనిషి మీద అలా పనిచేస్తుందని రుజువు కాలేదు. దాంట్లో ఉండే అనొనాసిన్ నరాలకి మంచిది కాదు. గ్వాడెలూప్ దీవిలో ఈ పండు, ఆకు కషాయం బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్‌ని పోలిన జబ్బుకి దీనితో సంబంధం ఉందేమోనని 1999లోనే డాక్టర్లు రాశారు. ప్యాక్లిటాక్సెల్‌తో అప్పటికే పిన్నికి వేళ్ళ చివర్లు తిమ్మిరి. గుండీలు పెట్టుకోలేదు, టమోటా కాయ కోసేటప్పుడు పట్టు తెలియదంటుంది. ఆ మనిషికి నరాలకి పడని ఆకు! తిప్పతీగ విషయంలో కోవిడ్ రోజుల్లో, 2021లో, ముంబై డాక్టర్లు లివర్ దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. ఆ తగువు నేను తీర్చలేను గానీ, కీమో నడుస్తున్న లివర్ మీద ప్రయోగం మా పిన్నితో వద్దు.

మొక్కల మందంటే చులకన కాదు నాది. తిరుపతిలో ఏ వీధిలో చూసినా ఇంటి ముందు కుండీలో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. ప్యాక్లిటాక్సెల్ ఒక చెట్టు బెరడు నుంచి వచ్చింది. వాటికీ, ఈ డబ్బాకీ తేడా ఏమిటంటే అవి ఎంత, ఎవరికి, ఎన్ని రోజులకొకసారి అని కొలిచి చూశాక బయటికొచ్చాయి, ఎక్కడ పనిచేయవో కూడా రాసి పెట్టారు. మందుకి లొంగకపోవడం అన్నది కొత్తగా వచ్చిన వింత కూడా కాదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. జబ్బు వెనక్కి తగ్గింది, కొన్ని నెలలకి తిరిగొచ్చింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మందుని కొన్ని కణాలు ఎలా తట్టుకుంటాయో 1978లో షిమ్కే అనే శాస్త్రవేత్త చూపించాడు. మందు ఏ ఎంజైముని పట్టుకుంటుందో, ఆ ఎంజైము జన్యువుకి కాపీల మీద కాపీలు వేసుకుంటాయి. మందు పట్టుకున్నది పోగా ఇంకా బోలెడు మిగులుతుంది. పంపు లేదు, గింపు లేదు, ఇంకో దారి. "అన్ని కాన్సర్లకీ, అన్ని కీమోలకీ" అని కరపత్రంలో రాసినవాడు ఇది చదివితే బాగుండు.

డాక్టరమ్మ దగ్గరికి డబ్బా పట్టుకునే పోయాం. తిట్టలేదు. లేబులు ఫోటో తీసుకుని కేసు షీటులో రాసింది, లివర్ టెస్టు రాసింది, ఆపెయ్యమంది. పిన్ని మనసులో ఉన్నది అప్పుడు అడిగింది: "మళ్ళీ అదే కార్బో ఎక్కిస్తాం అంటా ఉండారే, అది పనిచేయక గదా తిరిగొచ్చింది?" డాక్టరమ్మ ఒక కాగితం మీద గీత గీసి చెప్పింది. ప్లాటినం ఆఖరి సైకిల్ అయినాక ఆరు నెలల లోపల తిరిగొస్తే దానికి లొంగని రకం అంటారు, ఆరు నెలలు దాటి వస్తే లొంగే రకం కిందే లెక్క వేస్తారు, మళ్ళీ ప్లాటినమే పనిచేసే అవకాశం బాగా ఉంటుంది. పిన్నికి ఆరు నెలలు బాగానే దాటింది. జోడీలో ప్యాక్లిటాక్సెల్ తీసేసి లైపోజోమల్ డాక్సోరూబిసిన్ పెట్టారు. ఎర్రగా ఉంటుంది, అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి, వేడినీళ్ళు తగలనీయకూడదు. తిమ్మిరి మాత్రం దీంతో అంతగా పెరగదు. ఆరు నెలలన్నది కూడా కత్తితో కోసిన గీత కాదని, దూరం పెరిగేకొద్దీ నయమని ఆమే చెప్పింది. బెంచీ మీద మనిషి "దండగే" అన్నది ఈ గీతకి లొంగే వైపున ఉన్న మనిషితో.

చట్టం సంగతి మా వృత్తి కాబట్టి రాస్తున్నా. కాన్సర్ నయం చేస్తాం అని మందుకి ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ చట్టం షెడ్యూల్లో ఉన్న జబ్బుల జాబితాలో కాన్సర్ పేరు ఉంది. ఆయుర్వేద మందైతే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు ఉండాలి. ఈ డబ్బా మీద ఉన్నది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. అంటే కాగితాల మీద ఇది తినే వస్తువు, చట్నీ పొడి సరసన. జబ్బు పేరు డబ్బా మీద ఎక్కడా లేదు, అంతా కరపత్రంలోనే ఉంది. కరపత్రం మీద అచ్చువేసినవాడి పేరు లేదు. తెలివైన పనే.

ఇక సర్వీసు. డబ్బా మీదున్న నంబరుకి చేస్తే ఫోన్ మాత్రం మొదటి రింగుకే ఎత్తారు, అందుకు అర స్టార్ ఇద్దామనుకున్నా. "మూడు మండలాలు వాడాల మా, అప్పుడే తెలుస్తాది" అన్నాడు. వాపసు అడిగితే సీలు విప్పిన డబ్బా తీసుకోరంట. "సీలు విప్పకుండా తాగేదెట్లా నా?" అంటే నవ్వాడు. పంపు, ప్లాటినం అని నేను మొదలుపెట్టేసరికి, "మీరు మెడికల్ ఫీల్డా మా? ముందే చెప్పకూడదా, ఇరవై డబ్బాలు పంపిస్తా, నలభై శాతం మీకే" అన్నాడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మాట ఎత్తాక గొంతు మారింది. ఆఖరికి డబ్బు బదులు వేరే సరుకు ఇస్తానన్నాడు, ఏముందంటే కేశతైలం. కీమో పేషెంటుకి కేశతైలం! నేను ఫోన్ పెట్టేయబోతుంటే పక్కనుంచి పిన్ని, "ఇయ్యమను పాపా, 3,800 ఊరికే పోగొట్టుకునేదెందుకు, మనవరాలికి రాస్తాను" అంది. అడ్రస్ చెప్పాను. ఇది రాసేటప్పటికి నూనె కూడా రాలేదు.